సదరు మగచేప గుడ్లు

భానోజీరావుకి సముద్రం ఒడ్డు నగరంలో కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఊహ తెలిశాక ఆయన ఒక్క రూలు కూడా తప్పి ఎరగడు. ఎర్రలైటు పడితే రోడ్డు మీద పురుగు లేకపోయినా స్కూటరాపి, ఇంజను కూడా ఆపేవాడు. పార్కులో 'గడ్డి మీద నడవరాదు' అనే బోర్డు తుప్పుపట్టి ఊడిపోయింది. తర్వాత గడ్డి కూడా పోయి మట్టి మిగిలింది. ఆయన మాత్రం ఇప్పటికీ చుట్టూ తిరిగే వెళ్తాడు. అలాంటి మనిషికి ప్రభుత్వం వారి దగ్గర్నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. తప్పు ఆయనది కాదు. ఆయన ఇంట్లో ఒక చేప గుడ్లు పెట్టింది.

ఆ చేప సంగతి ముందు చెప్పాలి.

భానోజీరావు హాల్లో, సోఫాకి ఎదురుగా, టీవీ ఉండాల్సిన చోట ఉప్పునీళ్ళ అక్వేరియం ఉండేది. అందులో రెండే చేపలు. నారింజ రంగు ఒళ్ళు, దాని మీద సున్నం పట్టీలు వేసినట్టు తెల్ల చారలు. వాటిని క్లౌన్ చేపలంటారు. చూడ్డానికి సర్కస్ బఫూన్లలా ఉన్నా వాటి సంసారం మాత్రం చాలా గంభీరమైనది. ఆడది పెద్దది, మగది అందులో సగం. పెద్దదానికి భానోజీరావు భార్య అరుంధతి 'జమీందారిణి' అని పేరు పెట్టింది. అది ఎదురుపడితే చిన్నది పక్కకి ఒరిగిపోయి, ఒళ్ళంతా గజగజ వణికించి దారి ఇచ్చేది. దాన్ని చూసి అరుంధతి, "అచ్చం ఇల్లరికపుటల్లుడేనండీ" అంది. ఆ పేరే ఖాయమైంది.

ఈ రెండూ కాపరం ఉండేది ఎనిమోన్‌లో. చూస్తే పువ్వులా ఉంటుంది గానీ అది పువ్వు కాదు, ప్రాణి. రాతిని పాదంతో పట్టుకుని కూర్చుంటుంది. నెత్తిమీద లేతాకుపచ్చ వేళ్ళు, వేళ్ళ చివర బుడగలు, మధ్యలో నోరు. వేరే చేప తగిలితే కుడుతుంది. క్లౌన్ చేపల్ని మాత్రం పరుపు మీద పిల్లల్లా పడుకోనిస్తుంది. భానోజీరావు దాన్ని తెచ్చినప్పుడు అది మూతపడుతున్న షాపులో ఎవరూ కొనక మిగిలిపోయిన సరుకు. పాలిపోయి, నిమ్మకాయంత ముడుచుకుని ఉంది. ఆయన దానికి సరిపడా దీపాలు పెట్టి, నీళ్ళలో ఉప్పు చూసుకుంటూ, పట్టకారతో రొయ్యముక్క నోటికందించి కొన్నేళ్ళలో పళ్ళెమంత చేశాడు. అరుంధతి పైకి, "మీ జెల్లీకి భోజనమైందా?" అని వెటకారమాడేది గానీ, ఆయన షాపు నుంచి రావడం ఆలస్యమైతే రొయ్య తనే తరిగి పెట్టేది.

ఇలా ఉండగా నగరానికి హఠాత్తుగా చేపల మీద ప్రేమ పుట్టింది.

ఎక్కడో ఏదో అంతర్జాతీయ సంస్థ 'మత్స్యమిత్ర నగరం' అనే బిరుదు ఇస్తుందని తెలిసింది. ఏం చేస్తే వస్తుందో పూర్తిగా తెలియకముందే బిరుదు మనకే రావాలని పెద్దలు తీర్మానించారు. వెంటనే గృహ జలజీవ సంక్షేమ మండలి అనేది వెలిసింది. దానికి విశ్వంభరమూర్తి గారు డైరెక్టరు. ప్రారంభోత్సవం రోజున ఆయన చేపల హక్కుల గురించి గద్గదంగా మాట్లాడారు. తర్వాత విందులో వంజరం వేపుడు వడ్డించారు. ఒక విలేకరి దాన్ని చూపించి ఇదేమిటని అడిగితే డైరెక్టరు గారు తొణక్కుండా, "తినే చేపలు మా మండలి పరిధిలోకి రావు. ప్రేమించే చేపలు మాత్రమే వస్తాయి" అన్నారు.

మండలి మొదటి ఉత్తర్వు ప్రకారం నగరంలో ఇళ్ళల్లో ఉన్న ప్రతి చేపా పేరుతో, ఫొటోతో, చిరునామాతో నమోదు కావాలి. ఉత్తర్వు పేపర్లో పడిన రోజునే భానోజీరావు వెళ్ళి దరఖాస్తు ఇచ్చాడు. మండలికి అందిన మొట్టమొదటి దరఖాస్తు అదే కావడంతో అక్కడివాళ్ళు కాస్త కంగారుపడ్డారు కూడా.

తనిఖీ అధికారి త్రినాథ్ ఇంటికొచ్చాడు. సన్నగా, మెడలో గుర్తింపు కార్డు బరువుకే ముందుకి వంగినట్టుండే మనిషి. కాఫీ తాగి పనిలో పడ్డాడు.

"కుటుంబ పెద్ద ఎవరండీ?"

"ఆడచేపండీ. జమీందారిణి."

"రెండోది?"

"మగది. అల్లుడు."

త్రినాథ్ పెన్ను ఆపాడు. "అత్తా అల్లుళ్ళా?"

"కాదండీ, భార్యాభర్తలు. పేరు మాత్రం అల్లుడు."

త్రినాథ్ ఒక నిట్టూర్పు విడిచి రాసుకున్నాడు. తర్వాత ఎనిమోన్ దగ్గరికొచ్చాడు. "దీని ఫొటో తీయాలి. మొహం ఎటండీ?"

"మొహం ఉండదండీ. నోరు ఒక్కటే."

"మా ఆఫీసులోనూ ఉన్నారు లెండి అలాంటివాళ్ళు. అయినా వాళ్ళకీ ఫొటో ఉంది." కాసేపు ఆలోచించాడు. "కళ్ళు?"

"ఉండవు."

"చెవులు?"

"ఉండవండీ. కానీ ప్రాణి. ప్రాణం ఉంది దానికి."

"మీరంటే నేను నమ్ముతానండీ. డైరెక్టరు గారు నమ్మొద్దూ? మొహం లేనిదాన్ని జీవి కింద రాస్తే నా మొహం పోతుంది. పోనీ, చేపలు ఇందులోనే ఉంటాయి కదా?"

"ఉంటాయి. పడుకోవడమూ అక్కడే."

"అయితే నివాసం అని రాసేస్తున్నాను" అని త్రినాథ్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. నివాసమన్నాక డోర్ నంబరుండాలి కాబట్టి ఒక స్టిక్కరు తీసి, ఎనిమోన్‌కి అంటించడానికి నీళ్ళలో చెయ్యి పెట్టబోయాడు. జమీందారిణి ఎగిరొచ్చి ఆయన చూపుడువేలు కొరికింది. స్టిక్కరు గాజు మీద అంటించి, వేలు చప్పరించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ వానాకాలంలో జమీందారిణి చనిపోయింది. ముసలిదైపోయింది, అంతే. అరుంధతి దాన్ని తులసి కుండీలో పాతిపెట్టి ఆ పూట రొయ్య తరగలేదు. భానోజీరావు అల్లుడి గురించి బెంగపడ్డాడు. ఆ బెంగ అనవసరమని త్వరలోనే తెలిసింది. పెద్దది పోయాక అల్లుడు తిండి ఎక్కువ తినడం మొదలెట్టాడు. ఒళ్ళు చేశాడు. ఎనిమోన్ నట్టనడుమ జమీందారిణి పడుకునే చోట పడుకున్నాడు. తొట్టె తుడవడానికి చెయ్యి పెడితే పక్కకి ఒరగడం మానేసి మీదికి రావడం మొదలెట్టాడు.

"ఏమైందండీ ఇతనికి?" అంది అరుంధతి.

"ఆడదవుతున్నాడు" అన్నాడు భానోజీరావు. "వీటిల్లో అంతే. పెద్ద ఆడది పోతే దాని తర్వాతి మగది ఆడదైపోతుంది. కిందున్న చిన్నది మగదవుతుంది."

అరుంధతి కాసేపు గాజులోకి చూసింది. "ఆవిడ బతికున్నంతకాలం వణికి, కుర్చీ ఖాళీ అవగానే అత్తగారైపోయాడన్నమాట. ఇందులో వింతేముందండీ? మా స్కూల్లో మొన్నే జరిగింది." ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు.

ఆ రోజు నుంచి అల్లుడి పేరు అత్తగారు. తోడుగా భానోజీరావు ఒక బుల్లి చేపని తెచ్చాడు. అది కొత్తల్లుడు. వచ్చిన రోజు నుంచే వణకడం మొదలెట్టింది.

ఇంకొకరైతే ఊరుకునేవాళ్ళు. భానోజీరావు రూలు ప్రకారం మండలికి వెళ్ళి, మరణం సంగతీ మార్పు సంగతీ డైరెక్టరు గారికి స్వయంగా విన్నవించుకున్నాడు. విశ్వంభరమూర్తి గారు కళ్ళు సగం మూసుకుని అంతా విన్నారు.

"మరణం నమోదు చేస్తాం. కొత్త చేపని చేరుస్తాం. కానీ మగచేప ఆడచేప కావడానికి మా నిబంధనల్లో వీలు లేదు."

"ప్రకృతిలో ఉందండీ."

"ప్రకృతి మా మండలి పరిధిలోకి రాదు" అన్నారు డైరెక్టరు గారు, కొంచెం విచారంగానే.

అది మగచేపగానే కొనసాగింది. కొనసాగుతూ ఉండగానే ఎనిమోన్ పక్క రాతి మీద గుడ్లు పెట్టింది. సగ్గుబియ్యంలా నారింజ రంగు గుడ్లు రాతికి బారులు తీరి అతుక్కున్నాయి. కొత్తల్లుడు పగలంతా రెక్కలతో వాటికి విసురుతూ నిలబడ్డాడు. భానోజీరావు పట్టలేని సంతోషంతో కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుండిపోయాడు. సరిగ్గా అప్పుడే త్రినాథ్ వార్షిక తనిఖీకి వచ్చాడు.

"అయ్యో సార్" అన్నాడు త్రినాథ్, గుడ్లు చూసి. ఆ గొంతులో నిజమైన సానుభూతి ఉంది. "ఎంత పని చేశారండీ."

"నేనేం చేశాను? గుడ్లు పెట్టింది చేప."

"ఏ చేప? మన లెక్క ప్రకారం ఈ ఇంట్లో ఇద్దరూ మగవాళ్ళే. మరి గుడ్లు ఎవరు పెట్టినట్టు?"

దానికి సమాధానం మండలే కనిపెట్టింది. తర్వాత వారంలో నోటీసు వచ్చింది. భానోజీరావు నిలబడే చదివాడు.

'తమ గృహమందు నమోదైన అల్లుడు అను మగచేప కానరాకుండుటయు, అదే స్థలమున గుర్తు తెలియని ఒక ఆడచేప సదరు అల్లుడి పేరున అక్రమముగా నివసించుచుండుటయు మండలి దృష్టికి వచ్చినది. అల్లుడు ఏమైనదీ తెలుపవలెను. తెలుపనిచో, అల్లుడి అదృశ్యమునకు తమరినే బాధ్యులను చేయవలసివచ్చును.'

మండలి నోటీసుతో ఆగలేదు. అపార్టుమెంటు లిఫ్టులో పోస్టరు అంటించింది. అందులో అల్లుడి పాత ఫొటో, దాని కింద 'కనబడుటలేదు. నారింజ రంగు శరీరము, తెల్లని చారలు, స్వభావము మృదువు. ఆచూకీ తెలిసినవారు మండలికి తెలుపగలరు.' మూడో అంతస్తు బ్యాంకు ఆయన లిఫ్టులో భానోజీరావుని పట్టుకుని, "రావుగారూ, ఏమీ అనుకోకండి. ఈ ఫొటోలో ఉన్నది మీ ఇంట్లో తిరుగుతున్నట్టు మా ఆవిడ అంటోంది" అన్నాడు.

"అదే ఇదండీ" అన్నాడు భానోజీరావు నీరసంగా.

"మరి వాళ్ళకి చెప్పేయకూడదూ?"

"అదే చెబుతున్నానండీ ఇన్నాళ్ళ నుంచీ."

విచారణ మండలి కార్యాలయంలో జరిగింది. డైరెక్టరు గారు వేదిక మీద. పక్కన త్రినాథ్. కింద భానోజీరావు, తోడుగా సెలవు పెట్టి వచ్చిన అరుంధతి. భానోజీరావు చేపల పుస్తకాలు తెచ్చాడు. డైరెక్టరు గారు వాటిని ముట్టుకోలేదు.

"పుస్తకాలు ఎవరైనా రాయొచ్చు. చేప స్వయంగా వాంగ్మూలం ఇవ్వగలదా?"

"ఇవ్వలేదండీ."

"అంటే తన లింగం మారిందని చేప ఎక్కడా చెప్పలేదు. మీరు చెబుతున్నారు."

"చెప్పకపోతేనేం, గుడ్లు పెట్టిందిగా" అంది అరుంధతి.

"అమ్మా, గుడ్లు సాక్ష్యం మాత్రమే. రికార్డు సత్యం" అన్నారు డైరెక్టరు గారు. ఆ మాట ఆయనకే నచ్చి, రాసుకోమన్నట్టు త్రినాథ్ వైపు చూశారు. త్రినాథ్ రాసుకున్నాడు. తర్వాత ఆయన కుర్చీలో నిటారుగా సర్దుకుని తీర్పు చెప్పారు. "గృహ యజమానురాలు జమీందారిణి మరణించినది. వారసుడు అల్లుడు అదృశ్యమైనాడు. నివాసము గుర్తు తెలియని వ్యక్తి ఆక్రమణలో ఉన్నది. కాబట్టి విచారణ ముగిసి తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు సదరు నివాసమును ఖాళీ చేయించి సీలు వేయవలెను."

భానోజీరావుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు. "అది నివాసం కాదండీ, ప్రాణి! వెలుతురు లేకపోతే చచ్చిపోతుంది!"

"ఇల్లు చచ్చిపోవడమేమిటి?" అన్నారు డైరెక్టరు గారు.

సీలు వేయడానికి త్రినాథ్ ఒక పనివాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. తొట్టె మధ్యలో చిల్లులున్న ప్లాస్టిక్ అడ్డు దింపారు. వలతో చేపల్ని ఒక పక్కకి తోలారు. అందులో త్రినాథ్ రెండు కాట్లు తిన్నాడు. ఎనిమోన్ ఉన్న పక్క గాజుకి బయట నల్లగుడ్డ చుట్టి, పైన దీపాల కింద అట్టముక్క పరిచి, ముడుల మీద లక్క కరిగించి ముద్ర కొట్టారు.

"నన్ను తిట్టుకోకండి సార్" అన్నాడు త్రినాథ్ గుమ్మంలో చెప్పులేసుకుంటూ. "మా ఇంట్లో పిల్లి ఉంది. దాన్ని ఇంకా నమోదు చేయించలేదు. ఏం రాస్తారో తెలిసి భయం."

అత్తగారు ఆ రోజంతా అడ్డుగోడని ముక్కుతో పొడిచింది. మర్నాడు పొడవడం మానేసి, నీళ్ళలో వేలాడే ప్లాస్టిక్ థర్మామీటరు దగ్గరికి చేరింది. దానికి ఒళ్ళు రాసుకుంటూ, దాన్నే పరుపనుకుంటూ, కొత్తల్లుణ్ణి కూడా దాని పక్కకి తరిమింది. భానోజీరావు చూడలేక షాపుకి పోయాడు. అక్కడ ఒకావిడకి దూరపుచూపు అద్దాలు పెట్టాల్సిన చోట దగ్గరచూపువి పెట్టి పంపాడు. జీవితంలో అలాంటి పొరపాటు జరగడం అదే మొదలు.

నల్లగుడ్డ ఒక మూల కాస్త వదులుగా ఉండేది. ఆయన దాన్ని ముట్టుకోకుండా, నేల మీద బోర్లా పడుకుని ఆ సందులోంచి చూసేవాడు. ఎనిమోన్ రోజురోజుకీ తగ్గిపోతోంది. ఆకుపచ్చ పోయి గంజి రంగొచ్చింది. బుడగలు ఎండిన చిక్కుడుకాయల్లా వేలాడాయి. చివరికి ఒక ఆదివారం ఉదయం దాని నోరు వేలాడబడి తెరుచుకుని కనిపించింది. అది చాలా చెడ్డ గుర్తని ఆయనకి తెలుసు.

అరుంధతి పేపరు పక్కన పెట్టి వచ్చి నిలబడింది. "ఎలా ఉంది?"

ఆయన బోర్లా పడుకునే ఉన్నాడు.

"లేచి గుడ్డ తీసేయండి."

"ప్రభుత్వం సీలు అరూ."

"నాకు తెలుసు ఎవరి సీలో. నేను తీయనా?"

"వద్దు. నువ్వు తీస్తే నీ ఉద్యోగానికి..."

"అయితే మీరు తీయండి. షాపు మీదే కదా. మిమ్మల్ని ఎవరు తీసేస్తారు?"

భానోజీరావు లేచి కూర్చున్నాడు. ముద్ర వైపు చూశాడు. ఎర్రటి లక్క మీద మండలి గుర్తు ఉంది. రెండు చేపలు ఒకదానికొకటి నమస్కారం పెట్టుకుంటున్నాయి. చేతులు లేకుండా అవి నమస్కారం ఎలా పెడుతున్నాయో ఆయన అంతవరకూ గమనించలేదు. వంటింట్లోకి వెళ్ళి కత్తెర తెచ్చాడు. ముడి కోశాడు. లక్క టప్పుమని నేల మీద పడి ముక్కలైంది. ఆ చప్పుడుకి పోలీసులు వస్తారేమోనన్నట్టు ఆయన గుమ్మం వైపు చూశాడు. ఎవరూ రాలేదు. పక్కింట్లో కుక్కర్ విజిలేసింది.

అడ్డు తీసేసరికి అత్తగారు థర్మామీటర్ని వదిలేసి దూసుకుపోయింది. ఎనిమోన్ చుట్టూ ఒక చుట్టు తిరిగింది. వెంటనే మీద పడలేదు. ముందు వేలికొసలకి రెక్క తాకించి చూసింది, ఇంకోసారి తాకించింది, తర్వాత ఆ వాడిన వేళ్ళ మధ్యకి మెల్లగా ఒదిగింది. మధ్యాహ్నం భానోజీరావు రొయ్యముక్క వేస్తే అది తను తినకుండా నోట కరుచుకుపోయి ఎనిమోన్ మీద పెట్టింది. చాలాసేపటికి రెండు వేళ్ళు కదిలి ముక్కని పట్టుకున్నాయి. అరుంధతి పమిటచెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

"తింటోంది మీ జెల్లీ" అంది.

దీపాలు ఒక్కసారిగా పెంచకుండా కొద్దికొద్దిగా పెంచుతూ ఆయన దాన్ని మళ్ళీ మనిషిని చేశాడు. రంగు తిరిగొచ్చింది. కానీ ఆయనకి మనశ్శాంతి లేదు. కాలింగ్ బెల్లు మోగితే ఉలిక్కిపడేవాడు. చివరికి భరించలేక ఒక రోజు తనంతట తానే మండలికి వెళ్ళి త్రినాథ్ బల్ల ముందు నిలబడ్డాడు.

"త్రినాథ్ గారూ, నేను నేరం చేశాను. సీలు..."

"శ్!" అని త్రినాథ్ లేచి తలుపేశాడు. "సీలుకేమండీ, ఫైల్లో బ్రహ్మాండంగా ఉంది! వారం వారం నేను మీ ఇంటికొచ్చి చూసి, 'సీలు యథాతథము' అని రాస్తున్నాను కదా."

"మీరు రావట్లేదు కదండీ."

"వస్తే చూడాల్సొస్తుంది. చూస్తే రాయాల్సొస్తుంది. మీరు వెళ్ళి మీ పని చూసుకోండి సార్, నా ఉద్యోగం నిలబెట్టండి."

భానోజీరావు జీవితంలో మొదటిసారి నేరం ఒప్పుకుంటే, ప్రభుత్వం తీసుకోలేదు.

ఇంతలో బిరుదు ఇచ్చే సంస్థ నుంచి పరిశీలకురాలు వస్తోందని కబురొచ్చింది. పేరు ఇందుమతీదేవి గారు. సముద్రజీవుల శాస్త్రంలో ప్రొఫెసరు. ఆవిడకి చూపించడానికి ఒక ఆదర్శ గృహం కావాలి. డైరెక్టరు గారు అన్ని ఇళ్ళ ఫైళ్ళూ తెప్పించి చూశారు. తక్కినవాళ్ళ ఫైళ్ళు ఒక్కో కాగితం. భానోజీరావుది మాత్రం రెండు చేతులా ఎత్తాల్సినంత లావు. నోటీసులు, విచారణలు, వాంగ్మూలాలు, పోస్టరు, సీలు. "నగరంలో ఇంతకంటే శ్రద్ధగా పర్యవేక్షించబడిన చేప లేదు" అని ఆయన ఆ ఇంటినే ఎంపిక చేశారు.

త్రినాథ్ పరుగున వచ్చి చెప్పాడు. "సార్, కొంప మునిగింది. ఆవిడ వచ్చేసరికి సీలు ఉండకూడదు. తీయమనే ఉత్తర్వు మాత్రం లేదు. ఏం చేద్దాం?"

"తీసేశాను కదండీ!"

"ఎప్పుడు?" అన్నాడు త్రినాథ్ ఆశ్చర్యం నటిస్తూ. తర్వాత నిజంగానే ఆయన చేతులు పట్టుకున్నాడు. "చల్లగా ఉండండి సార్."

వాళ్ళు వచ్చిన రోజున అత్తగారు మళ్ళీ గుడ్ల మీద ఉంది. ఇందుమతీదేవి గారు పొట్టిగా, నేత చీరలో, పెద్ద సంచీతో వచ్చారు. వస్తూనే తొట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. ఎవరి పరిచయాలూ వినలేదు.

"ఎనిమోన్ ఎంత బాగుంది! ఎవరండీ పెంచింది?"

భానోజీరావు నోరు తెరిచేలోగా డైరెక్టరు గారు ముందుకొచ్చారు. "మండలి పర్యవేక్షణలో ఉన్నదండీ. మా చర్యల వల్లనే..." అంటూ ఉంగరాల చెయ్యి నీళ్ళలో పెట్టి ఎనిమోన్‌ని చూపించబోయారు.

"సార్, వద్దు!" అని అరిచాడు త్రినాథ్, అనుభవం కొద్దీ.

అప్పటికే ఆలస్యమైంది. గుడ్ల మీద ఉన్న క్లౌన్ చేపకి డైరెక్టరూ తెలియదు, మండలీ తెలియదు. బొటనవేలు పక్కన పట్టుకుని వదల్లేదు. ఆయన చెయ్యి పైకి లాగితే నీళ్ళ అంచుదాకా వేలాడుతూ వచ్చింది. హాలంతా ఉప్పునీళ్ళు చిందాయి.

"భలే ఆడచేప!" అన్నారు ఇందుమతీదేవి గారు మెచ్చుకోలుగా.

డైరెక్టరు గారి వేలి నుంచి ఒక నెత్తుటి చుక్క కార్పెట్ మీద పడింది. ఆయన ముందు రెండు దారులున్నాయి. చేపని ఒప్పుకోవడం ఒకటి, ఫైలుని ఒప్పుకోవడం ఒకటి. ఆయన జేబురుమాలు వేలికి చుట్టుకుని, మెడ నిటారుగా పెట్టారు.

"క్షమించాలి మేడమ్. అది మగచేప. రికార్డు ఉంది."

"పక్కన గుడ్లున్నాయి కదండీ!"

"వాటి మీద విచారణ జరుగుతోంది."

ఇందుమతీదేవి గారు ఆయన్ని చూశారు. భానోజీరావుని చూశారు. ఆయన గోడనున్న క్యాలెండరు చూస్తున్నాడు. అరుంధతి మాత్రం సూటిగా, "అమ్మా, ఈ ఎనిమోన్‌ని నల్లగుడ్డలో కట్టి సీలు కూడా వేశారు. చచ్చి బతికింది. గుడ్డ దాచాను, చూపించమంటారా?" అంది. ఆవిడ చూపించమన్నారు. గుడ్డ మొత్తం తడిమి చూసి, సంచీలో పెట్టుకుని తీసుకెళ్ళారు.

బిరుదు పోయినట్టేనని అందరూ అనుకున్నారు. పోలేదు. ఇందుమతీదేవి గారు రాసిన ఘాటైన నివేదికని ఆ సంస్థ శ్రద్ధగా చదివింది. చదివి, ఒక చేప గుడ్ల మీద ఇంత సుదీర్ఘంగా విచారణ జరిపిన నగరం ప్రపంచంలో మరొకటి లేదని గుర్తించి బిరుదు ఇచ్చేసింది. విశ్వంభరమూర్తి గారికి పై ఊళ్ళో పెద్ద పదవి వచ్చింది. ఆయన పోతూపోతూ భానోజీరావు వ్యవహారాన్ని తేల్చి వెళ్ళారు. తుది ఉత్తర్వు మందమైన కాగితం మీద, ముద్రలతో వచ్చింది. అరుంధతి చదివి వినిపించింది.

'అల్లుడు అను చేప దొరికినట్లు భావించడమైనది. సదరు చేప రాబోవు గణన వరకు మగచేపగానే కొనసాగుటకు మండలి దయతో అనుమతించినది. ఈలోగా గుడ్లు పెట్టుట జరిగినచో, అది రికార్డులకు భంగము కలుగని రీతిలో జరుగవలెను. అట్లు జరుగునని యజమాని ఉత్తర్వు అడుగున సంతకము చేసి తిరిగి పంపవలెను.'

చదవడం పూర్తయ్యాక ఆవిడ కాగితం మడిచింది. "చేస్తారా సంతకం?"

భానోజీరావు పెన్ను తీశాడు. చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. గాజు వెనక అత్తగారు గుడ్ల చుట్టూ తిరుగుతోంది. కొత్తల్లుడు ఆగకుండా విసురుతున్నాడు. ఎనిమోన్ వేళ్ళన్నీ విప్పుకుని దీపం కింద మెత్తగా ఊగుతోంది. ఆయన పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

కొన్నాళ్ళకి త్రినాథ్ వచ్చాడు. ఇప్పుడు ఆయనే డైరెక్టరు. కాస్త ఒళ్ళు చేశాడు, నడుము వంపు పోయింది, గొంతు కూడా కొంచెం లావైంది. కూర్చోమనకముందే కూర్చున్నాడు.

"భానోజీరావు గారూ, మీ దగ్గర్నుంచి సంతకం చేసిన ఉత్తర్వు ఇంకా రాలేదు. ఇది సహించదగిన విషయం కాదు. ఎక్కడుంది ఉత్తర్వు?"

"అమలులో ఉందండీ" అన్నాడు భానోజీరావు.

త్రినాథ్ ఆయన చూపించిన వైపు చూశాడు. అక్వేరియం ఫిల్టరు గొట్టం కింద, ఎన్నాళ్ళుగానో కారుతున్న సందులో ఆ కాగితం బాగా మడతలు పెట్టి దూర్చి ఉంది. మంచి కాగితం. కిందికి ఒక్క చుక్క కూడా రావడం లేదు.